పలాలీలో కూలిన ఆవ్రోల కోసం మన సభలో మౌనం పాటించాలా?

కందుకూరు టీచర్

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఐపీకేఎఫ్‌లో, అంటే భారత శాంతి పరిరక్షణ దళంలో, శ్రీలంక వెళ్లి వచ్చిన మనిషి. ఆయనా, ఆయనతోపాటు పనిచేసిన మాజీ సైనికులూ కలిసి జులై 29న ఒంగోలులో చిన్న సభ పెట్టుకుంటున్నారు. 1987లో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టిన తేదీ అది. వెంటనే మన సైన్యం జాఫ్నా పక్కనున్న పలాలీ రన్‌వే మీద దిగింది. 1990 మార్చిలో తిరిగి వచ్చేలోపు వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకున్నాం.

మనవాళ్లకు మౌనం పాటించడం గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ ఆ తర్వాత నిమిషం గురించి. గిద్దలూరు వైపు పెద్దాయన ఒకరు, పలాలీలో కూల్చేసిన ఆవ్రో విమానాల్లో పోయినవాళ్లకు కూడా ఒక్క నిమిషం నిలబడదాం అన్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: 1995 ఏప్రిల్ 28న పలాలీ దగ్గర శ్రీలంక వైమానిక దళం వాళ్ల ఆవ్రో రవాణా విమానాన్ని ఎల్‌టీటీఈ, అంటే తమిళ టైగర్లు, క్షిపణితో కూల్చింది. మర్నాడు ఇంకోదాన్ని కూల్చింది. రెండింట్లో కలిపి 90 మందికి పైగా చనిపోయారు. వాళ్లకూ శ్రీలంక ప్రభుత్వానికీ మధ్య శాంతి చర్చలు తెగిపోయి అప్పటికి పది రోజులైనా కాలేదు.

సగంమంది సరేనన్నారు. సగంమంది, అందులో మా నాన్న కూడా, "పరాయి దేశం సైన్యానికి మన సభలో మౌనం ఏంటి?" అని లేచి వచ్చేశారు. నా మటుకు నాకు పెద్దాయన అడిగింది న్యాయంగానే అనిపిస్తోంది. మీరేమంటారు?

గిద్దలూరు ఫౌజీ

అమ్మా, ఆ మాట అన్నది నేనే. మీ నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన తన సెక్షన్‌లో ఎవరిని పోగొట్టుకున్నాడో నాకు తెలుసు.

నేనెందుకు అడిగానో చెబుతాను. మా డివిజన్ 54, సికింద్రాబాద్ నుంచి కదిలింది. ఏఎన్-32 రవాణా విమానంలో వెళ్లాం. లోపల సీట్లంటే గోడలకు వరసగా కట్టిన పట్టీలే. మోకాళ్ల మధ్య కిట్ బ్యాగు, చెవులు పగిలిపోయే మోత. పక్కవాడికి మాట చెప్పాలంటే చెవిలో అరవాలి. పలాలీలో వెనక ర్యాంప్ దించగానే వేడిగాలి కొట్టింది. ఎర్రమట్టి, తాటిచెట్లు. మన ఊరి పొలిమేరలో దిగామా అనిపించింది నాకు.

ఆ తర్వాత కొన్నాళ్లకు అదే రన్‌వే మీద లీవ్ పార్టీతో నిలబడ్డాను. ఫౌజులో చేసినవాళ్లకి ఆ గంట ఎలాంటిదో తెలుసు. రైఫిల్ కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమ చేసేస్తాం. జేబులో లీవ్ సర్టిఫికెట్ ఉంటుంది. పెట్టెలో పిల్లలకి కొన్న బట్టలు. యుద్ధం అయిపోయిందని కాదు గానీ, విమానం ఎక్కితే మటుకు ప్రాణం దక్కినట్టే అనుకుంటాం. మాకు అక్కడ రోడ్డంటే భయం. మందుపాతర ఎక్కడుందో తెలియదు. ఆకాశం ఒక్కటే భయం లేని దారి.

1995లో ఆ దారి కూడా పోయింది. జాఫ్నాలో ఉన్న శ్రీలంక సైనికులకు రోడ్డు తెగిపోయి ఉంది. ఇంటికెళ్లాలన్నా, డ్యూటీకి రావాలన్నా, దెబ్బ తగిలినవాణ్ని కొలంబో చేర్చాలన్నా విమానమో ఓడో తప్ప గతిలేదు. ఆ వార్త విన్నరోజు నాకు అన్నం సహించలేదు. వాళ్లు సింహళీయులా, మనవాళ్లా అని అప్పుడు నాకు తట్టలేదు. అదే రన్‌వే. అదే లీవ్ పార్టీ. అంతే.

సూళ్లూరుపేట కుర్రాడు

పెద్దాయన మాట మీద గౌరవంతోనే చెబుతున్నా, నేను ఒప్పుకోలేను. మాది సూళ్లూరుపేట, మొన్నటిదాకా నెల్లూరు జిల్లానే. మా అమ్మమ్మ వాళ్లు తమిళులు. తడ దాటి కాస్త పోతే గుమ్మిడిపూండిలో శ్రీలంక శరణార్థుల క్యాంపు ఉంది. అక్కడి మనుషులతో మాట్లాడి పెరిగాను.

ఆవ్రోలు కూలిన అదే ఏడాది, జులై 9న, జాఫ్నా దగ్గర నవాలి చర్చి మీద అదే వైమానిక దళం బాంబులు వేసింది. తలదాచుకోవడానికి వెళ్లిన జనం వందమందికి పైగా పోయారు. వాళ్ల దగ్గర రైఫిలూ లేదు, కోతూ లేదు. వాళ్ల కోసం ఒంగోలులో ఎవరైనా నిలబడ్డారా? ఇంకో సంగతి. రవాణా విమానం, రవాణా విమానం అంటున్నారు. వై-12 అనే చిన్న రవాణా విమానాలతోనే ఆ వైమానిక దళం జాఫ్నా మీద బాంబులు వేసింది. సరకు మోసేదేదో, బాంబు మోసేదేదో కింద ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

నెల్లూరు ఎయిర్‌ఫోర్స్ రిటైర్డ్

నేను వాయుసేనలో ట్రాన్స్‌పోర్ట్ వైపు పనిచేసి వచ్చాను. ఈ తమ్ముడు అడిగిన చివరి ప్రశ్న అసలు ప్రశ్న. దాన్ని దాటేసి మౌనం గురించి మాట్లాడటం కుదరదు.

1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం చూడండి. జూన్ 1న అర్జెంటీనా హెర్క్యులిస్ ఒకటి, టీసీ-63, బ్రిటిష్ యుద్ధవిమానం సీ హారియర్‌కు దొరికింది. హెర్క్యులిస్ అంటే సరకు విమానమే, తుపాకీ ఉండదు. కానీ ఆ రోజు అది సరకు మోయడం లేదు. తన రాడార్‌తో బ్రిటిష్ ఓడలు ఎక్కడున్నాయో వెతుకుతోంది. హారియర్ పైలట్ మొదటి క్షిపణి తగల్లేదు. రెండోది తగిలింది. అయినా విమానం ఎగురుతూనే ఉంటే దగ్గరికెళ్లి ఫిరంగితో 240 గుండ్లు దించాడు. లోపలున్న ఏడుగురూ పోయారు. ఏడుగురు నిరాయుధుల్ని చంపాడని ఒకరంటారు. అది చెప్పే సమాచారంతో మర్నాడు మునగబోయే ఓడలో వందలమంది ఉన్నారు కదా అని ఇంకొకరంటారు. నేను రెండోవైపు. అలాగని ఆ ఏడుగురి మీద నాకున్న గౌరవం తగ్గదు. ఏ రక్షణా లేని విమానంలో శత్రువు ఓడల్ని వెతకడానికి వెళ్లడమంటే మాటలు కాదు.

రవాణా విమానం దిగేటప్పుడు, లేచేటప్పుడు ఎంత నిస్సహాయంగా ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. వేగం తక్కువ, ఎత్తు తక్కువ, దారి ఒకటే. ఇంజన్ వేడిని పట్టుకుని వచ్చే, భుజం మీంచి పేల్చే క్షిపణికి అంతకన్నా తేలిక లక్ష్యం ఉండదు. అందుకే ముప్పు ఉన్నచోట రన్‌వే నెత్తిమీదికి ఎత్తులోనే వచ్చి, చుట్లు తిరుగుతూ నిటారుగా దిగుతారు. క్షిపణిని దారి మళ్లించడానికి ఫ్లేర్లు, అంటే మండే వేడి గుళికలు, వదులుతారు. 2024 మార్చిలో కొరిశపాడు దగ్గర హైవే మీద ఏఎన్-32 దిగినప్పుడు జనం సెల్‌ఫోన్లతో వీడియోలు తీసుకున్నారు. నేనేమో అది ఎంత నెమ్మదిగా, ఎంత తక్కువ ఎత్తులో వస్తుందో చూస్తున్నాను. మాలాంటి వాళ్ల కళ్లు అక్కడికే పోతాయి.

మనకూ ఇలాంటి రోజు ఉంది. 1999 మే 28, కార్గిల్‌లో తోలోలింగ్. రవాణాకు వాడే ఎంఐ-17 హెలికాప్టర్లకు రాకెట్లు బిగించి పంపారు. మూడోదానికి ఫ్లేర్లు లేవు. స్టింగర్ అనే భుజం క్షిపణి తగిలింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండిర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ రాజ్ కిశోర్ సాహూ. ఆ నలుగురిని చంపినవాడు హంతకుడని మనం కోర్టుకి వెళ్లలేదు. అది యుద్ధమని ఒప్పుకున్నాం. ఒప్పుకుని, ఫ్లేర్లు లేకుండా ఎందుకు పంపారని మనవాళ్లనే అడిగాం. ఆ తర్వాత ఎంఐ-17లను దాడులకు పంపడం మానేశారు.

పలాలీకీ నా లెక్క అదే. కూల్చినవాడిది యుద్ధం. మొదటి ఆవ్రో పోయిన మర్నాడే రెండోదాన్ని అదే రన్‌వే దారిలో పంపినవాళ్లని మాత్రం వాళ్ల తల్లిదండ్రులు నిలదీయాలి. మౌనం పాటిద్దాం, నాకు అభ్యంతరం లేదు. హత్య అనే మాట మాత్రం సభలో ఎవరూ ఎత్తకండి.

కావలి యువకుడు

నాకు ఒక్కటే బాధ. మనవాళ్లకే సరిగ్గా చేయలేదు, మళ్లీ పక్కవాళ్లకా? 1990లో ఐపీకేఎఫ్ ఆఖరి దళాలు మద్రాసులో దిగితే, ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. దేశం చెప్పిన పనికి వెళ్లి చచ్చిపోయి వస్తే మొహం చాటేశారు. మా స్కూల్లో కార్గిల్ గురించి ఏటా ఉపన్యాసాలు ఉండేవి, ఐపీకేఎఫ్ అనే మాట ఒక్కసారి కూడా వినలేదు. ఎయిర్‌ఫోర్స్ సార్ చెప్పిన సార్జెంట్ ప్రసాద్ గారి పేరు నేను ఈరోజే విన్నాను. తెలుగువాడి పేరు తెలుగువాళ్లకే తెలియదు. ముందు ఆ పని చేయండి సార్. ఉన్న రెండు నిమిషాలూ మనవాళ్లకే ఇవ్వండి.

దర్శి లాయర్

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. సైనిక రవాణా విమానం యుద్ధంలో చట్టబద్ధమైన లక్ష్యమే. లీవ్‌లో వెళ్తున్న సైనికుడు కూడా సైనికుడే, కోత్‌లో రైఫిల్ పెట్టినంత మాత్రాన అతనికి రక్షణ రాదు. గిద్దలూరు బాబాయ్ గారికి ఇది కష్టంగా ఉంటుంది, కానీ ఉన్నది అదే. రక్షణ ఉన్నది గుర్తులు వేసుకుని, ముందుగా ఒప్పుకున్న దారిలో, సమయంలో ఎగిరే వైద్య విమానాలకు. జెనీవా ఒప్పందాలకు చేర్చిన 1977 ప్రోటోకాల్ ప్రకారం ఇంకొకటి ఉంది: కూలిపోతున్న విమానంలోంచి ప్రాణం కోసం పారాచూట్‌తో దూకినవాణ్ని దిగేదాకా కాల్చకూడదు. దాడికి దూకే పారాట్రూపర్లకు అది వర్తించదు.

అయితే ఎయిర్‌ఫోర్స్ సార్, "అది యుద్ధం" అని అక్కడితో వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు. 1998 సెప్టెంబరు 29న జాఫ్నా నుంచి బయల్దేరిన లయన్ ఎయిర్ ప్రయాణికుల విమానాన్ని కూడా కూల్చారు. 55 మంది పోయారు. ఎక్కువమంది తమిళులే. సూళ్లూరుపేట తమ్ముడు అడిగాడు కదా, కింద ఉన్నవాడికి ఎలా తెలుస్తుందని. తెలియకపోతే కాల్చకూడదు. చట్టం ఆ బరువును కాల్చేవాడి మీదే పెట్టింది.

సూళ్లూరుపేట కుర్రాడు

లయన్ ఎయిర్ తప్పే. నేను కాదనను. అది నా మనుషుల విమానం.

కానీ ఒకటి అడుగుతా, గిద్దలూరు పెద్దాయన్ని. మీరు కోపం తెచ్చుకోకండి. 1987 అక్టోబరులో, దీపావళి రోజున, జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. లోపలి నుంచి టైగర్లు కాల్చారని సైన్యం అంది. బతికి బయటపడ్డవాళ్లు అలా కాదన్నారు. మా అమ్మమ్మ ఊరివాళ్లు ఇప్పటికీ దీపావళికి ఆ మాట తలుచుకుంటారు. మీ సభలో ఆ నర్సుల మాట వస్తుందా? విమానంలో పోయిన సైనికుడికి మౌనం, మంచం మీద పోయిన రోగికి ఏమీ లేదా?

గిద్దలూరు ఫౌజీ

తమ్ముడూ, కోపం లేదు. రెండ్రోజులు జవాబు రాయకుండా ఉన్నది నీ ప్రశ్న వల్లే.

ఆ ఆసుపత్రికి వెళ్లిన దళంలో నేను లేను. లేను కదా అని తప్పించుకోను. అక్టోబరులో మేమందరం జాఫ్నాలోకే నడిచాం. ప్రతి సందులోంచి కాల్పులు. యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్లలో దించిన సిక్కు లైట్ ఇన్ఫెంట్రీ పిల్లలు 30 మందిలో 29 మంది పోయారని విన్నాక మా కళ్లకు ప్రతి కిటికీ శత్రువే. ఆ స్థితిలో మనిషి ఏం చేస్తాడో నాకు తెలుసు. తెలుసు కాబట్టే జరగలేదని నీతో అనను. చనిపోయిన ఆ నర్సులకూ, డాక్టర్లకూ తుపాకీతో ఏం పని? నేను వాళ్ల కోసం నిలబడతాను. నవాలి చర్చిలో పోయినవాళ్లకూ నిలబడతాను.

కావలి బాబూ, నీ బాధ నాది కూడా. మద్రాసు రేవులో దిగినవాళ్లలో నేను లేను గానీ, మా ఊరి బస్సు దిగినప్పుడు "అక్కడ ఎందుకెళ్లారు?" అని అడిగిన మనిషి నాకింకా గుర్తున్నాడు. మనవాళ్ల పేర్లు ముందు చదువుతాం. సార్జెంట్ ప్రసాద్ పేరు కూడా చదవమని అడుగుతాను. అది కార్గిల్ కదా, ఇది శ్రీలంక సభ కదా అని ఎవరైనా అంటే నేను వాదిస్తాను.

లాయరు గారూ, చట్టం మీరు చెప్పినట్టే ఉండనీండి. హత్య అనే మాట నేనూ ఎత్తను. నేనడిగేది తీర్పు కాదు. పలాలీ రన్‌వే మీద లీవ్ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని నిలబడినవాణ్ని నేను. నా విమానం ఇంటికి చేరింది. వాళ్లది చేరలేదు. ఆ మాట మైకులో చెప్పి ఒక నిమిషం నిలబడాలని ఉంది. ఇష్టం లేనివాళ్లు కూర్చోవచ్చు, ఒక్క మాట కూడా అనను.

కందుకూరు టీచర్

నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికి చాలు ఆపమన్నారు. రాత్రి భోజనాలయ్యాక మిగతాది చదవమన్నారు. సభకి వస్తానన్నారు. రెండో నిమిషం లేస్తారో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. సూళ్లూరుపేట తమ్ముడూ, నువ్వు కూడా వస్తే బాగుంటుంది. నవాలి గురించి, ఆ దీపావళి గురించి నువ్వే మాట్లాడు. మాలో ఎవరం చెప్పినా అది నువ్వు చెప్పినట్టు ఉండదు.

సూళ్లూరుపేట కుర్రాడు

వస్తాను అక్కా. పొద్దున బండికి బయల్దేరితే మధ్యాహ్నానికి ఒంగోలులో ఉంటా. మాట్లాడమంటే మాట్లాడతా. మనవాళ్ల పేర్లు చదివినంతసేపూ నిలబడతా. ఆవ్రోల నిమిషానికి మాత్రం నేను లేవను. పెద్దాయనకి ముందే చెబుతున్నా, ఆ ఒక్కదానికి నన్ను అడగవద్దు.