చర్చ: మొమోటాకు ఆ ప్రమాదం జరగకపోతే అక్సెల్‌సన్ ఇంతవాడయ్యేవాడా?

షటిల్ మావయ్య:
2020 జనవరిలో మలేసియా మాస్టర్స్ బ్యాడ్మింటన్ ఫైనల్. జపాన్ ఆటగాడు కెంటో మొమోటా చేతిలో డెన్మార్క్ ఆటగాడు విక్టర్ అక్సెల్‌సన్ వరుస గేముల్లో ఓడాడు. మర్నాడు తెల్లవారుజామున ఎయిర్‌పోర్టుకు వెళ్తున్న మొమోటా వ్యాన్‌కు ప్రమాదం. డ్రైవర్ చనిపోయాడు, ఇతని కంటి దగ్గర ఎముక విరిగింది. 2019లో 11 టైటిళ్లు గెలిచిన మనిషి మళ్లీ ఆ ఆట ఆడలేకపోయాడు. ఆ తర్వాతే డెన్మార్క్ కుర్రాడి రాజ్యం మొదలైంది. కాదంటారా?

గుంటూరు స్మాష్:
కాదనే అంటా మావయ్యా. 2017లో గ్లాస్గోలో చైనా దిగ్గజం లిన్ డాన్‌ను ఓడించి అక్సెల్‌సన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడుగా, ప్రమాదానికి రెండేళ్లకు పైగా ముందే!

షటిల్ మావయ్య:
అక్కడా మొమోటా లేడు కదయ్యా. జూదం కేసులో నిషేధం ముగిసి, అప్పుడప్పుడే చిన్న టోర్నీలు ఆడుతున్నాడు. పైగా రెండు నెలలు తిరక్కుండానే మన శ్రీకాంత్ ఈ ప్రపంచ చాంపియన్‌ని డెన్మార్క్‌లోని ఒడెన్సెలో, అతను పుట్టిన ఊళ్లోనే, క్వార్టర్స్‌లో ఇంటికి పంపాడు.

గుంటూరు స్మాష్:
శ్రీకాంత్ మాట తెచ్చారు కాబట్టి చెప్తా. 2017 అక్సెల్‌సన్ వేరు, 2021 అక్సెల్‌సన్ వేరు. టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క గేమ్ కూడా పోగొట్టుకోలేదు. ఫైనల్లో అంతకుముందు ఒలింపిక్ చాంపియన్ చెన్ లాంగ్‌ను 21-15, 21-12తో ఓడించాడు. ఆ అక్టోబర్‌లో డెన్మార్క్ ఓపెన్ ఫైనల్ చూశారా? మొదటి గేమ్ మొమోటాదే, 22-20. రెండోది 21-18తో లాక్కున్నాడు, మూడోది 21-12. ఖాళీ దారిలో నడిచినవాడి స్కోర్లా ఇవి?

ఆ ఏడాదే మకాం దుబాయికి మార్చి, సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ, మన లక్ష్య సేన్ లాంటి వాళ్లను పిలిపించుకుని కలిసి సాధన చేశాడు. పోటీదారులకు తన ఆటంతా దగ్గరుండి చూపించడానికి ఎంత ధైర్యం కావాలి! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్స్‌లో లో కీన్ యూ, సెమీస్‌లో లక్ష్య అతనికి ఎదురుపడ్డారు. లక్ష్య మొదటి గేమ్‌లో 20-17 ఆధిక్యంలో ఉన్నాడు, రెండో గేమ్‌లో 7-0. రెండూ పోయాయి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, అయినా అక్సెల్‌సన్ ఆటకు దణ్ణం పెట్టాను. అంత వెనకబడీ తొందరపడలేదు, ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు నుంచి నిటారుగా దిగే స్మాష్‌కి అవకాశం దొరికేదాకా ర్యాలీలు సాగదీశాడు.

నెట్ దగ్గర నేను:
లిన్ డాన్ తర్వాత వరుసగా రెండు ఒలింపిక్ సింగిల్స్ స్వర్ణాలు గెలిచిన మగవాడు అక్సెల్‌సన్ ఒక్కడే. మావయ్యగారి బాధ మొమోటా కోసం, అది న్యాయమే. కానీ దానికి జరిమానా అక్సెల్‌సన్ చేత కట్టించడం ఎందుకు?

షటిల్ మావయ్య:
2021 ఫైనల్ ఒప్పుకున్నా. 2019 మొమోటాతో ఆడించి చూపించమనే నేనంటున్నది.