మంగళగిరి చీరల వ్యాపారానికి ఫోటోగ్రాఫర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (మంగళగిరి నుంచి)

అందరికీ నమస్కారం. నేను, మా తోడికోడలు కలిసి మూడేళ్లుగా మంగళగిరి నూలు చీరలను వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతున్నాము. చీరలన్నీ మాకు బాగా తెలిసిన పదకొండు మగ్గాల నుంచే వస్తాయి. ఇప్పుడు సొంత వెబ్‌సైటు పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాము కనుక, మా పేరు చూడగానే గుర్తుపట్టే విధంగా ఒకే తీరులో ఉండే ఫోటోలు తీయించాలని మా కోరిక.

పోయిన ఏడాది, పెళ్లి ఫోటోలు బాగా తీస్తారని పేరున్న ఒక స్టూడియోకు ముప్పై చీరలు ఇచ్చాము. ఫోటోలు చూడడానికి చాలా అందంగా వచ్చాయి. అయితే వంకాయ రంగు చీర నీలంగానూ, మిరపపండు ఎరుపు నారింజ రంగుగానూ కనబడడంతో, వాటిని చూసి కొన్నవారిలో ఏడుగురు చీరలు వెనక్కి పంపించారు. రానూపోనూ కొరియర్ ఖర్చు మేమే పెట్టుకున్నాము. అంతకంటే బాధ కలిగించినది ఒక పాత కస్టమరు అన్న మాట: "మీ దగ్గర ఇలా జరుగుతుందనుకోలేదమ్మా" అన్నారావిడ. పెద్ద సైజు ఫైళ్లు అడిగితే స్టూడియోవారు వాటికి వేరే డబ్బు ఇవ్వాలన్నారు.

ప్రస్తుతం ఇద్దరు కొటేషన్ ఇచ్చారు. విజయవాడలో ఉన్నవారు ఫోటోకు 350 రూపాయలు అడిగారు. హైదరాబాదువారు రోజుకు 28,000 రూపాయలు అన్నారు, మోడల్‌కు, మేకప్‌కు అయ్యే ఖర్చు వేరు. ఇద్దరి పాత పనీ చూశాము, రెండూ బాగానే ఉన్నాయి. ఏది చూసి ఎంచుకోవాలో తెలియజేయగలరు.

సమాధానం 1 (బట్టలు, నగల ఫోటోగ్రాఫర్, విజయవాడ)

అమ్మా, నేను పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మీకు కొటేషన్ ఇచ్చినవారిలో నేను లేను కాబట్టి నిస్సంకోచంగా చెబుతున్నాను.

ముందుగా మీ చీరల రంగు ఎందుకు మారిందో తెలిస్తే, ఎవరిని ఏమి అడగాలో మీకే అర్థమవుతుంది. మంగళగిరి చీర ఒడలంతా సాదాగా, ఒకే రంగులో ఉంటుంది, పనితనమంతా జరీ అంచులోనే. అటువంటి చీర ఫ్రేము నిండా పరుచుకున్నప్పుడు, ఆటో వైట్ బ్యాలెన్స్‌లో (వెలుతురును బట్టి రంగులను కెమెరా తానే సర్దుకునే పద్ధతిలో) ఉన్న కెమెరా ఆ రంగు గుడ్డది కాదు, వెలుతురుదే అనుకొని దాన్ని తగ్గించే ప్రయత్నం చేస్తుంది. దీనికి విరుగుడు చాలా చిన్నది. అదే వెలుతురులో ఒక గ్రే కార్డును, అంటే ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్టను, చీర పక్కన పెట్టి మొదటి ఫోటో తీసి, మిగిలిన ఫోటోలన్నిటికీ దాని ప్రకారమే రంగు నిర్ణయించాలి. పెళ్లి ఫోటోలలో మరో అలవాటు ఉంది. ముఖం కళగా కనబడడం కోసం చిత్రం మొత్తాన్నీ పసుపు వైపుకు తీసుకుపోతారు. పెళ్లికూతురి ఫోటోకు అది తప్పు కాదు, అమ్మకానికి పెట్టిన ఎర్ర చీరకు మాత్రం ముప్పే. మీ మిరపపండు ఎరుపు నారింజగా మారడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు.

వంకాయ రంగు సంగతి వేరు. కొన్ని ఊదా, వంకాయ రంగు అద్దకాలను మన కన్ను చూసినట్టు కెమెరా సెన్సారు చూడదు కనుక, ఎంత జాగ్రత్తపడినా అవి నీలం వైపు జరుగుతాయి. గ్రే కార్డు కూడా ఇక్కడ పూర్తిగా ఆదుకోదు. చీరను మానిటరు పక్కనే పెట్టుకొని, చూస్తూ చేత్తో సరిచేయవలసిందే. అందువల్ల మీరు ఏ ఫోటోగ్రాఫర్‌నైనా అడగవలసిన మొదటి ప్రశ్న, ఏ కెమెరా వాడతారన్నది కాదు, రంగు సరిచేసేటప్పుడు చీర మీ దగ్గరే ఉంటుందా అన్నది. చీరలు సాయంత్రానికే తిరిగి ఇచ్చేసి, వారం తర్వాత జ్ఞాపకం మీద రంగు దిద్దేవారికి ఈ పని అప్పగించకండి.

పాత పని చూసి నిర్ణయించుకోవద్దని నా సలహా. అందులో వారికి బాగా కుదిరినవే ఉంటాయి. మీ చీరల్లో అన్నిటికంటే కష్టమైన మూడింటిని ఎంచి ఇద్దరికీ ఇవ్వండి, ఆ పనికి డబ్బు కూడా ఇవ్వండి. ఒకటి ఆ వంకాయ రంగు చీరే కావాలి. రెండవది వెడల్పు జరీ అంచున్నది. జరీ అద్దం లాంటిది, తన చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది, ఫ్లాష్ తిన్నగా పడితే తెల్లటి గీతగా మారిపోతుంది. పెద్ద తెల్లగుడ్డ గుండా వడకట్టిన వెలుతురులోనే దాని నేత పోగుపోగునా కనబడుతుంది. మూడవది పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డ పోగులు) ఒక రంగుగా నేసిన నెమలి కంఠం చీర. దాన్ని బల్లపరుపుగా పరిచి తీస్తే ఒక్క రంగే తెలుస్తుంది, మడత పెట్టి, వెలుతురు పక్క నుంచి వచ్చేలా చూస్తే రెండు రంగులూ పలుకుతాయి. అది చెప్పకుండానే ఎవరు గ్రహిస్తారో చూడండి. ఫోటోలు వచ్చాక ఉదయం పది గంటల వేళ కిటికీ దగ్గర కూర్చొని, చీరను ఒడిలో పెట్టుకొని, మూడు నాలుగు రకాల ఫోన్లలో వాటిని పోల్చి చూడండి.

ధర విషయంలో ఒక లెక్క గమనించండి. మోడల్‌కు చీర కట్టి, కుచ్చిళ్లు సర్ది, తీసి, మార్చడానికి నా అనుభవంలో చీరకు అరగంట పైనే పడుతుంది, అంటే రోజుకు పదిహేను దాటడం కష్టం. హైదరాబాదు కొటేషన్‌ను ఆ సంఖ్యతో భాగించి చూసుకోండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. చేనేతలో ఒక్కో రంగులో సాధారణంగా కొద్ది చీరలే వస్తాయి. అవి అమ్ముడైపోతే ఆ ఫోటోలకు పని ఉండదు, ప్రతి వారం ఫోటోగ్రాఫర్‌ను పిలవడం మీ వ్యాపారం భరించలేదు. మగ్గాలు, మీ ఊరు, మీరిద్దరూ, అంచుల దగ్గరి చిత్రాలు, ఇవి ఏడాదికి ఒకసారి నిపుణులచేత తీయించండి. రోజువారీ చీరలను మీ ఇంట్లోనే ఫోనుతో తీసుకునేలా ఒక గోడ, ఒక కిటికీ, రెండు దీపాలు అమర్చి, ఎక్కడ నిలబడాలో నేల మీద గుర్తు పెట్టి నేర్పించగలవారిని ఎంచుకోండి. నేర్పడానికి ఒప్పుకోనివారు ఎంత గొప్పవారైనా మీకు సరిపోరు.

సమాధానం 2 (న్యాయవాది, గుంటూరు)

పెద్ద ఫైళ్లకు వేరే డబ్బు అడిగారని రాశారు కాబట్టి హక్కుల సంగతి చెబుతాను. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్, బి క్లాజు ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. ఆ "వేరే ఒప్పందం" అన్న మాటే కీలకం. చాలా కొటేషన్ల చివర చిన్న అక్షరాలలో హక్కులు ఫోటోగ్రాఫర్‌వేనని రాసి ఉంటుంది. దానికి ఒప్పుకుంటూ మీరు జవాబు పంపితే పైన చెప్పిన రక్షణ పోతుంది.

ఒకవేళ ఫోటోగ్రాఫర్ తన హక్కులను మీకు రాసిచ్చే పద్ధతి అయితే, 19వ సెక్షన్ చూసుకోవాలి. ఆ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టుగా భావిస్తారు. మీరు విదేశాలకు కూడా పంపేటట్టయితే ఈ రెండూ స్పష్టంగా రాయించండి. అసలు ఫైళ్లు ఇస్తారా, ఎన్ని ఫోటోలు సరిదిద్ది ఇస్తారు, రంగు తేడా వస్తే మళ్లీ తీస్తారా, ఇవన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద ఉండాలి. మోడల్‌ను పెట్టుకుంటే, ఆమె ఫోటోను ఎక్కడెక్కడ, ఎంతకాలం వాడతారో ఆమె సంతకంతో వేరే అనుమతి పత్రం తీసుకోండి.

సమాధానం 3 (చీరాల నుంచి)

మాది నేతపని ఇల్లు. మగ్గం దగ్గర ఫోటోలు తీయించే ఆలోచన ఉంటే ఈ నాలుగు మాటలు దయచేసి పట్టించుకోండి. మా ఇంటికి ఒకసారి ఒక దుకాణం తరఫున ఫోటోలు తీయడానికి వచ్చినవారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా నాన్నగారిని గుంట మగ్గంలో కూర్చోబెట్టి, నేసినట్టు నటించమన్నారు. ఆ రోజు మూర కూడా నేయలేదు, కూలి పోయింది, దాన్ని గురించి ఎవరూ అడగలేదు. తలకు పాగా చుట్టుకోమన్నారు. మా నాన్నగారు జన్మలో పాగా చుట్టలేదు.

ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడుకునేటప్పుడే, ముందు ఒక పూట కెమెరా లేకుండా వచ్చి మగ్గం చూసి వెళ్లగలరా అని అడగండి. గుంట మగ్గం గదిలో వెలుతురు ఒక్క కిటికీ నుంచే వస్తుంది, ఆ వెలుతురులోనే పడుగు పోగులు మెరుస్తాయి. పెద్ద లైట్లు తెచ్చి గదంతా తెల్లగా చేస్తే అది మగ్గం గదిలా ఉండదు. నేతగాడికి ఆ రోజు కూలి ఇవ్వడం, పేరు వేయవచ్చా అని అడగడం, ఫోటో ప్రతి ఒకటి ఇంటికి పంపడం, ఈ మూడూ ఖర్చు లెక్కలో చేర్చుకోండి. మా నాన్నగారి ఫోటో ఆ దుకాణం గోడ మీద ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో మాత్రం లేదు.

సమాధానం 4 (డల్లాస్, అమెరికా)

నేను ఇక్కడ తెలుగువారికి చేనేత చీరలు తెప్పించి అమ్ముతుంటాను. న్యాయవాదిగారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. అమెరికాలో పద్ధతి దాదాపు తిరగబడి ఉంటుంది. బయటి ఫోటోగ్రాఫర్‌కు డబ్బిచ్చి తీయించినా, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే హక్కు సాధారణంగా ఫోటోగ్రాఫర్‌దే. ఇక్కడి బంధువులచేత మీ చీరలతో ఫోటోలు తీయిస్తే ఇది గుర్తుంచుకోండి. కొనేవారి వైపు నుంచి చెప్పాలంటే, మేము చీరను తాకి చూడలేము కనుక ఎంత దగ్గరి ఫోటో ఉంటే అంత నమ్మకం కలుగుతుంది. అంచు మడత, చీర వెనకవైపు, పగటి వెలుతురులో తీసిన పది సెకన్ల వీడియో ఉన్న చీరలనే నేను ఎక్కువగా తీసుకుంటాను. రంగును మాటల్లో కూడా రాయండి, పడుగు ఏ రంగో, పేక ఏ రంగో చెబితే మాకు సగం తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పాత స్టూడియోవారు చీరలను అదే సాయంత్రం తిరిగి ఇచ్చేశారు, ఫోటోలు తొమ్మిది రోజుల తర్వాత పంపారు. అప్పట్లో త్వరగా తిరిగి ఇచ్చారని సంతోషించాము కూడా. మూడు చీరల పరీక్షకు ఇద్దరికీ ఫోన్ చేశాను. విజయవాడవారు చీరలు నాలుగు రోజులు తమ దగ్గర ఉంచుకుంటామని, నేర్పడానికి ఒక రోజు విడిగా వస్తామని అన్నారు. హైదరాబాదువారు పరీక్షకు ఒప్పుకోలేదు. మా పదకొండు మగ్గాలవారిలో ఇద్దరి ఇళ్లకు రేపు వెళ్లి, ఫోటోలు తీయించుకోవడం వారికి ఇష్టమేనా అని ముందు అడుగుతాము. చీరాలవారూ, మీ నాన్నగారి ఫోటో ఆ దుకాణం నుంచి తెప్పించడానికి మేము ఏమైనా చేయగలిగితే తప్పకుండా చెప్పండి.