సెకండ్ షిఫ్ట్‌కి ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌ని తీసుకోవాలి, ఇక్కడ ఇంటర్వ్యూలు ఎలా చేస్తారు? (మిచిగన్)

శ్రీసిటీ అబ్బాయి:
అందరికీ నమస్తే. శ్రీసిటీలో ఆటో పార్ట్స్ ప్లాంట్‌లో చేసేవాణ్ణి, ఈమధ్యే కంపెనీ వాళ్ళు ఎల్1 వీసా మీద ఇక్కడ స్టెర్లింగ్ హైట్స్ దగ్గర ప్లాంట్‌కి ప్రొడక్షన్ మేనేజర్‌గా పంపించారు. రేకుని ప్రెస్‌లో నొక్కి పార్టులు చేసే స్టాంపింగ్, వాటిని అతికించే వెల్డ్ సెల్స్ (వెల్డింగ్ స్టేషన్లు), వర్కర్లకి యూనియన్ ఉన్న ప్లాంట్. సెకండ్ షిఫ్ట్ సూపర్‌వైజర్ మానేశాడు, వచ్చే వారం నలుగురిని ఇంటర్వ్యూ చేయాలి, ప్యానెల్‌లో నేను, హెచ్ఆర్ ఆవిడ, ఫస్ట్ షిఫ్ట్ సూపర్‌వైజర్. మన దగ్గరైతే సర్టిఫికెట్లు చూసి, ఏ ఊరో ఇంట్లో ఎవరెవరో రెండు మాటలు కలిపి, నాలుగు టెక్నికల్ ప్రశ్నలేస్తే మనిషేంటో తెలిసిపోయేది. ఇక్కడ రెజ్యూమేలు చూస్తే నలుగురూ మహానుభావులే. ఒకాయనకి ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. ఇంకొకావిడ మా ప్లాంట్‌లోనే, హైస్కూల్ అయ్యాక ప్రెస్ ఆపరేటర్‌గా చేరి టీమ్ లీడర్ దాకా వచ్చింది. నాకు డిగ్రీ ఆయన వైపే మొగ్గుంది, నిజం చెప్తున్నా. ఏం అడగాలి, ఏం అడక్కూడదు, ఎలా తూకం వేయాలి, కొంచెం చెప్పండి అన్నలూ అక్కలూ.

ప్రెస్‌షాప్ పాతకాపు:
వెల్‌కమ్ తమ్ముడూ. అడక్కూడనివి ఏంటో హెచ్ఆర్ వాళ్ళు ఎవరైనా వచ్చి చెప్తారులే, నేను పని సంగతి చెప్తా.

సెకండ్ షిఫ్ట్ అంటే సాయంత్రం ఐదు దాటాక నువ్వుండవు, ఇంజినీర్లుండరు, మెయింటెనెన్స్‌లో ఇద్దరుంటే గొప్ప. డై (ప్రెస్‌లో పార్ట్‌కి ఆకారమిచ్చే అచ్చు) పగిలినా, ఇద్దరు రాకపోయినా, క్వాలిటీ వాడు లాట్ ఆపేసినా అక్కడికక్కడ తేల్చాల్సింది ఆ సూపర్‌వైజరే. పొద్దున నువ్వొచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అందుకని టెక్నికల్ ప్రశ్నలు తక్కువ అడుగు, ప్రెస్ టన్నేజ్ లెక్కలు చెప్పగలిగినవాడు రాత్రి తొమ్మిదింటికి లైన్ నడపగలడని గ్యారంటీ ఏం లేదు.

నేనైతే ముందు ఒక షిఫ్ట్ రిపోర్ట్ చేతికిస్తా. ఉదాహరణకి షిఫ్ట్ 480 నిమిషాలు, లంచ్, రెండు బ్రేకులు పోను 430. సైకిల్ టైమ్, అంటే ఒక పార్ట్‌కి పట్టే టైమ్, 45 సెకన్లు. అంటే అంతా సవ్యంగా నడిస్తే 573 పార్టులు రావాలి, వచ్చింది 470. తేడా 103, టైమ్‌లో చెప్తే సుమారు 77 నిమిషాలు. కానీ షీట్‌లో డౌన్‌టైమ్ అని రాసింది మొత్తం కలిపి 40 నిమిషాలే. షీట్ ఇచ్చి "ఇది నిన్న రాత్రి షిఫ్ట్, చూసి మీకేమనిపిస్తుందో చెప్పండి" అను, అంతే, ఇంకేం మాట్లాడకు. కొందరు 82 శాతం వచ్చింది, బాగానే ఉంది అంటారు. కొందరు వెంటనే ఆపరేటర్లు స్లో అంటారు, వాళ్ళ దగ్గర జాగ్రత్త. పనికొచ్చే మనిషి మాత్రం ఆ మిగతా 37 నిమిషాలు ఎక్కడికి పోయాయి అని అడుగుతాడు, ఎవరూ రాయని చిన్న చిన్న ఆగుళ్ళా, డై ఛేంజ్ తర్వాత మొదటి పార్ట్ ఓకే కావడానికి క్వాలిటీ వాడి కోసం చూస్తూ కూర్చున్నారా, బ్రేక్ నుంచి లేట్‌గా వచ్చారా, స్క్రాప్ ఇందులో కలిపారా లేదా అని. ఇంకా మంచి మనిషైతే ఈ షీట్ నింపింది ఎవరు, షిఫ్ట్ అయ్యాక గుర్తు తెచ్చుకుని రాశారా, గంట గంటకీ రాశారా అని కూడా అడుగుతాడు.

రెండోది, మీది యూనియన్ ప్లాంట్ అన్నావు కదా, ఈ ప్రశ్న తప్పకుండా వెయ్యి: "ఆపరేటర్ రాలేదు, ట్రక్ ఎనిమిదింటికి వెళ్ళాలి, మీరేం చేస్తారు?" మన దగ్గర "నేనే మెషిన్ మీద నిలబడి పని పూర్తి చేస్తా సార్" అంటే భలే మనిషి అనుకుంటాం. ఇక్కడ చాలా యూనియన్ కాంట్రాక్టుల్లో సూపర్‌వైజర్ గంటల జీతం వర్కర్ల పని చేయకూడదని రాసి ఉంటుంది, ఎమర్జెన్సీ, ట్రైనింగ్ లాంటి వాటికే మినహాయింపు. ఆయన మెషిన్ ఎక్కితే తెల్లారేసరికి నీ టేబుల్ మీద గ్రీవెన్స్ (యూనియన్ ఫిర్యాదు). ఫస్ట్ షిఫ్ట్‌లో ఎవరినైనా ఉండమని అడుగుతా, ఓవర్‌టైమ్ లిస్ట్ ప్రకారం పిలుస్తా, ఏ సెల్ ఆపితే తక్కువ నష్టమో చూసి అక్కడి మనిషిని కాంట్రాక్ట్ ఒప్పుకుంటే ఇటు మారుస్తా, షిప్పింగ్‌కి ముందే చెప్తా, ఇలాంటివి రావాలి. నాన్ యూనియన్ ప్లాంట్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది తెలీకపోతే దానికే కొట్టెయ్యకు, కానీ "ఇక్కడ రూల్ ఏంటి" అని అడుగుతాడా లేదా చూడు. నువ్వు కూడా ఇంటర్వ్యూలకి ముందు మీ కాంట్రాక్ట్ బుక్ ఒకసారి చదువు తమ్ముడూ, కొత్త మేనేజర్లు సాధారణంగా అది తెరవనే తెరవరు.

అలాగే "ఆపరేటర్‌ని ఆఫీసులోకి పిలిచి ఏం జరిగిందో అడుగుతుంటే స్టీవార్డ్‌ని (ప్లాంట్‌లో యూనియన్ ప్రతినిధి) పిలవండి అన్నాడు, ఏం చేస్తారు?" అని అడుగు. క్రమశిక్షణ చర్య దాకా వెళ్ళొచ్చు అనిపించే విచారణలో యూనియన్ ప్రతినిధిని అడిగే హక్కు 1975 నుంచి ఉంది, వైన్‌గార్టెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్స్‌పీరియన్స్ ఉందని చెప్పుకుంటూ "ముందు నాకు జవాబు చెప్పాలి, తర్వాతే స్టీవార్డ్" అన్నాడంటే రెజ్యూమేలో ఉన్న ఏళ్ళు ఎలా గడిపాడో ఆలోచించుకో.

ట్రాయ్ హెచ్ఆర్ అక్క:
పాతకాపు గారు నాకు వదిలేశారు కాబట్టి అందుకుంటున్నా. శ్రీసిటీ గారూ, మీరు అన్న "ఏ ఊరో ఇంట్లో ఎవరెవరో" దయచేసి మొత్తం మానేయండి, ఇవి పెళ్ళిచూపులు కావు. మీరు మర్యాదకి అడుగుతారు, సెలెక్ట్ కాని మనిషి దాన్నే కంప్లయింట్‌లో రాస్తారు. 1964 పౌర హక్కుల చట్టం టైటిల్ సెవెన్ కింద జాతి, రంగు, మతం, సెక్స్, పుట్టిన దేశం, 1967 చట్టం కింద 40, ఆపైన ఉన్నవాళ్ళ వయసు, 1990 ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) కింద వైకల్యం, వీటిని చూసి ఎంపిక చేయడం చట్టవిరుద్ధం. వీటి పైన మిచిగన్‌కి సొంతంగా 1976 నాటి ఎలియట్ లార్సెన్ పౌర హక్కుల చట్టం ఉంది, అందులో పెళ్ళయిందా లేదా అనేదే కాదు, ఎత్తు, బరువు కూడా ఉన్నాయి! "అంత బక్కగా ఉన్నారు, ప్రెస్ షాప్‌లో తిరగగలరా" అని నవ్వుతూ కూడా అనకండి. అరెస్ట్ అయ్యారా అనీ అడక్కండి, శిక్ష పడని చిన్న కేసుల అరెస్టుల గురించి ఇక్కడ అడగడానికే లేదు.

మరి మనకి తెలియాల్సింది ఎలా తెలుస్తుందంటే, పని గురించే అడగండి. "షిఫ్ట్ 3 నుంచి 11, నెలలో కొన్ని శనివారాలు ఓవర్‌టైమ్, కుదురుతుందా?" ఈ మాట నలుగురికీ ఒకేలా. ఆడవాళ్ళని మాత్రం "పిల్లల్ని ఎవరు చూసుకుంటారు" అనడం, మగవాళ్ళని అడక్కపోవడం, అక్కడే కొంప మునుగుతుంది. వాళ్ళంతట వాళ్ళు పిల్లల గురించి చెప్తే నవ్వి ఊరుకోండి, ఇంకో ప్రశ్న వేయకండి, కాగితం మీద రాయకండి. ఇక్కడ పని చేయడానికి అనుమతి ఉందా, స్పాన్సర్‌షిప్ కావాలా అని అందరినీ అడగొచ్చు. గ్రీన్ కార్డ్ చూపించు అనడం మాత్రం ఇంటర్వ్యూలో కాదు, ఉద్యోగం ఖాయమయ్యాక పని చేసే అనుమతి సరిచూసే ఐ9 ఫారం ఉంటుంది.

డిగ్రీ సంగతి. ఆ పనికి డిగ్రీ ఎందుకు కావాలో మీరు నాకు ఒక్క వాక్యంలో చెప్పగలరా? 1971లో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ అని సుప్రీంకోర్టు తీర్పు ఉంది, నార్త్ కరొలైనాలో పవర్ ప్లాంట్‌లో మంచి పోస్టులకి హైస్కూల్ డిప్లొమా, టెస్టు పెట్టారు, వాటికీ పనికీ సంబంధం చూపించలేకపోయారు, వాటివల్ల నల్లవాళ్ళే ఎక్కువగా ఆగిపోయారు, కోర్టు కుదరదంది. జాబ్ పోస్టింగ్‌లో డిగ్రీ తప్పనిసరి అని లేకపోతే ఇప్పుడు మనసులో కొత్తగా పెట్టుకోకండి.

తూకం ఎలా అన్నారు. ప్రశ్నలు ముందే రాసుకోండి, అందరికీ అవే, అదే వరసలో. ప్రతి ప్రశ్నకీ 1 నుంచి 5 స్కోరు, 5 అంటే ఎలాంటి జవాబో 1 అంటే ఎలాంటిదో ముందే ప్యానెల్ కూర్చుని రాసుకోవాలి. ఇంటర్వ్యూ అవ్వగానే ముగ్గురూ ఎవరికి వాళ్ళు స్కోరు వేసి ఆ తర్వాతే నోరు విప్పండి, లేకపోతే మేనేజర్ ముందు మాట్లాడతారు, మిగతా ఇద్దరి మార్కులు ఆయన వైపు జరుగుతాయి. ఇది నా ఛాదస్తం కాదండి, 2022లో సాకెట్ అనే సైకాలజిస్ట్, మరికొందరు పాత పరిశోధనలన్నీ మళ్ళీ లెక్కలు కట్టి చూస్తే ఉద్యోగంలో పనితీరుని ముందే అంచనా వేయడంలో ఇలా పద్ధతిగా చేసే ఇంటర్వ్యూ అన్నిటికన్నా పైన తేలింది, 0.42 (1 అంటే అంచనా పూర్తిగా సరిపోయినట్టు). ఊరికే కబుర్లలా సాగే ఇంటర్వ్యూ 0.19 దగ్గర ఉండిపోయింది. నోట్స్, స్కోర్ షీట్లు కనీసం ఏడాది దాచాలి, రెజ్యూమే మీద మాత్రం ఏమీ గీకకండి.

కెంటకీ కరీంనగరోడు:
అక్క చెప్పింది పక్కా. ఒకటి నేను కలుపుత అన్న. రూంల కూసోని ఎంత అడిగినా సగమే తెలుస్తది, ఫ్లోర్ మీదికి తీస్కపో. ఇర్వై నిమిషాలు నడిపియ్యి, నువ్వు ఎక్వ మాట్లాడకు. మనిషి ఎటు జూస్తుండో చూడు. పసుపు గీత లోపల్నే నడుస్తుండా, ఫోర్క్‌లిఫ్ట్ వస్తే ఆగుతుండా, స్క్రాప్ డబ్బాలకు తొంగి జూసిండా, బోర్డు మీద నంబర్లు పొద్దుగాల్నుంచి నింపలేదని కనిపెట్టిండా. ఆపరేటర్ ఎదురైతే తల ఊపి పల్కరిస్తుండా లేకుంటే స్తంభం లెక్క దాటిపోతుండా. నాకైతే గదే మస్తు ముఖ్యం.

ఇంగొకటి జేస్త నేను, నేర్పుడు. యుద్ధం టైంల 1940ల ఇక్కడ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ల కోసం టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అని ట్రైనింగ్ పెట్టిన్రు, తర్వాత అది జపాన్‌కు పోయి టొయోటాల పాతుకపోయింది. అండ్ల పని నేర్పుడు క్లాసుల కరెంటు వైరుకు ఏసే ఒక ముడి ఉంటది, ఫైర్ అండర్‌రైటర్స్ నాట్ అంటరు, అది నేర్పిచ్చి చూపిస్తరు. నేను ముడి గిడి పెట్టను, "మీకు బాగ వచ్చిన పని ఏదన్న ఐదు నిమిషాలల్ల నాకు నేర్పున్రి" అంట. కొంతమంది గడగడ చెప్పి అర్థమైందా అంటరు. నేర్పెటోడు మెల్లగ చేసి చూపిస్తడు, ఎందుకు గట్ల చెయ్యాల్నో చెప్తడు, నాతోని చేపిస్తడు, నేను తప్పు చేస్తే అక్కడ్నే ఆపుతడు. రేపు టెంపరరీ వర్కర్లు వారం వారం మారుతుంటే వాళ్ళకు నేర్పేది గీనెనే గద.

ప్రెస్‌షాప్ పాతకాపు:
ఫ్లోర్ వాక్ మంచిదే కరీంనగర్, కానీ ఒక ఇబ్బంది, మన శ్రీసిటీ తమ్ముడి లిస్ట్‌లో ఒకావిడ ఆ ప్లాంట్ మనిషే. ఆవిడకి ఆ ఫ్లోర్ అరచేతిలో గీతలా తెలుసు, మిగతా ముగ్గురికీ అద్దాలు, స్టీల్ టో కవర్లు తగిలించుకుని నడవడమే కొత్త. దానికి మార్కులు వేస్తే అన్యాయం. చూడు, మాట్లాడించు, స్కోరు మాత్రం రూంలో అడిగినవాటికే వెయ్యి.

ట్రాయ్ హెచ్ఆర్ అక్క:
స్కోరు వేయకుండా చూసి మనసులో పెట్టుకోవడం అంటే ఇంకా ప్రమాదం కదా పాతకాపు గారూ. నడిపిస్తే నలుగురినీ నడిపించి, ఫలానా మూడు విషయాలు చూస్తాం అని ముందే రాసుకుని స్కోరు వేయాలి, లేదా అసలు వద్దు. ఆపరేటర్లతో మర్యాదగా మాట్లాడారా లాంటివైతే లోపలివాళ్ళకీ బయటివాళ్ళకీ సమానమే.

శ్రీసిటీ అబ్బాయి:
చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఆవిడ గురించే ఇంకో డౌట్. ఫ్లోర్‌లో అందరికీ ఆవిడంటే ఇష్టం, అదే నాకు భయం, రేపు వాళ్ళ మీద యాక్షన్ తీసుకోగలదా? ఇంకోటి, ఆవిడ మొదటి ఫోన్ కాల్‌లో అన్నీ "మేం చేశాం" అనే చెప్పింది, డిగ్రీ ఆయన అన్నీ "నేను చేశా" అన్నాడు.

ప్రెస్‌షాప్ పాతకాపు:
ఇద్దరినీ ఒకే చోట పట్టుకో తమ్ముడూ. "స్క్రాప్ తగ్గించాం" అంటే ఎంత నుంచి ఎంతకి, ఎవరు కనిపెట్టారు, మీరు ఆ రోజు స్వయంగా ఏం చేశారు, ఎవరు ఒప్పుకోలేదు, వాళ్ళని ఎలా ఒప్పించారు, ఆర్నెల్ల తర్వాత ఆ నంబర్ ఏమైంది. మూడో ప్రశ్న దాటేసరికి నిజంగా చేసినవాళ్ళకి వివరాలు ఎక్కువవుతాయి, వినికిడి మీద చెప్పేవాళ్ళకి మాటలు పల్చబడతాయి. "నేను" అన్నాయన దగ్గర కూడా ఇదే కొలత.

యాక్షన్ గురించి సూటిగానే అడుగు: "నిన్నటిదాకా కలిసి లంచ్ చేసిన మనిషి మెషిన్ సేఫ్టీ గార్డు తీసేసి ప్రెస్ నడుపుతున్నాడు, పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఏం చేస్తారు?" మెషిన్ ఆపడం మొదట రావాలి, మందలింపు, రాతపూర్వక వార్నింగ్, స్టీవార్డ్ అన్నీ ఆ తర్వాత. సేఫ్టీ దగ్గర తడబడితే ఇష్టం ఉన్నా లేకపోయినా వదిలెయ్.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆవిడ ఇప్పుడు గంటల జీతం, యూనియన్ మెంబర్. సూపర్‌వైజర్ అయితే యూనియన్ బయటికి రావాలి, 1947 టాఫ్ట్ హార్ట్‌లీ చట్టం నుంచి సూపర్‌వైజర్లకి యూనియన్ చట్టం ఇచ్చే రక్షణ లేదు. ఓవర్‌టైమ్ పోయి నెల జీతం వస్తుంది. లెక్క వేసుకుంటే ఓవర్‌టైమ్ బాగా చేసే టీమ్ లీడర్‌కి చేతికొచ్చేది తగ్గినా తగ్గొచ్చు. సీనియారిటీ ఏమవుతుంది, కుదరకపోతే వెనక్కి వెళ్ళే దారి ఉందా, ఇవి మీ కాంట్రాక్ట్‌లో చూసి హెచ్ఆర్ ఆవిడతో ముందే మాట్లాడి పెట్టుకో. ఆఫర్ ఇచ్చాక ఆవిడ అడిగితే నువ్వు బిక్కమొహం వేయకూడదు.

కెంటకీ కరీంనగరోడు:
ఆమెకు రాకుంటే ఏం జేస్తవో గది గూడ ఆలోచించు అన్న. తెల్లారి గదే ఫ్లోర్ మీద ఆమె మొఖం చూడాలె, కొత్తోడు ఆమె టీం మీదనే ఆధారపడాలె. బయటోళ్ళకు మెయిల్ కొడితే సరిపోతది, ఆమెకు మాత్రం నువ్వే కూసోని చెప్పాలె, గది కూడ వేరేటోళ్ళకు తెల్వకముందు.

శ్రీసిటీ అబ్బాయి:
అర్థమైంది అన్నా. ఆ షిఫ్ట్ రిపోర్ట్ ఐడియా ఖాయం చేస్తున్నా, మాదే ఒకటి ప్రింట్ తీసి ఇచ్చేయొచ్చా?

ప్రెస్‌షాప్ పాతకాపు:
మీది వద్దు. కస్టమర్ పేరు, పార్ట్ నంబర్ బయటివాళ్ళ చేతికి పోతాయి, పైగా ఆవిడ ఆ రాత్రి అక్కడే ఉండి ఉంటుంది. నంబర్లు మార్చి కొత్త షీట్ తయారుచెయ్, నలుగురికీ అదే ఇచ్చి, క్యాలిక్యులేటర్, పదిహేను నిమిషాలు ఇవ్వు, అయ్యాక షీట్ వెనక్కి తీసుకో.