పైథాన్‌లో కమాండ్లకు పైపు కట్టాను, రిటర్న్ కోడ్ -13 వస్తే దాన్ని తప్పుగా లెక్కించాలా?

జీజిప్ చేసిన (కుదించిన) లాగుల్లో మొదటి 20 ఎర్రర్ లైన్లు చాలు నాకు. టెర్మినల్‌లో జెడ్‌క్యాట్ (ఫైలు విప్పేది), గ్రెప్ (లైన్లు వెతికేది), హెడ్ (మొదటి లైన్లు మాత్రమే ఇచ్చేది) పైపుతో, అంటే ఒకదాని అవుట్‌పుట్ తర్వాతిదానికి అందేలా, కలిపితే క్షణంలో వస్తాయి. బయటి కమాండ్లను నడిపే పైథాన్ సబ్‌ప్రాసెస్‌లో అదే పనిని, కమాండ్‌కు ఒకటి చొప్పున, మూడు పోపెన్‌లుగా రాశాను. షెల్‌కు ఒకే స్ట్రింగ్‌గా ఇవ్వవచ్చు కానీ, ఫైలు పేర్లలో షెల్‌ను తికమకపెట్టే ఖాళీలూ కొటేషన్ గుర్తులూ ఉన్నాయి (అలా పెట్టినవారికి దండం).

చిన్న ఫైళ్లకు బాగానే నడిచింది. పెద్ద ఫైలు ఇవ్వగానే హెడ్ 20 లైన్లు ఇచ్చి వెళ్లిపోయింది, గ్రెప్ మాత్రం కదలదు మెదలదు. సగం రోజు పోయాక అర్థమైంది: గ్రెప్ నుంచి హెడ్‌కు వెళ్లే పైపు చదివే కొస నా ప్రోగ్రాం చేతిలోనూ తెరిచే ఉంది. చదివేవారు ఉన్నారనుకుని గ్రెప్ రాస్తూ పోయింది, లినక్స్ పైపుకు ఇచ్చే 64 కేబీలు నిండాక ఆగిపోయింది. హెడ్ మొదలవగానే నా కొసను మూసేస్తే సరిపోయింది.

ఇప్పుడు గ్రెప్ రిటర్న్ కోడ్ (ముగిశాక ఎలా ముగిసిందో చెప్పే అంకె) -13 వస్తోంది. అది సిగ్‌పైప్ (చదివేవారు లేని పైపులో రాస్తే వచ్చే సిగ్నల్) అని తెలుసు, ఇక్కడ తప్పేమీ కాదు. చిక్కేమిటంటే, గ్రెప్ 1 ఇస్తే ఏమీ దొరకలేదని, జెడ్‌క్యాట్ 1 ఇస్తే ఫైలు పాడైందేమోనని. ఏ కమాండ్‌కు ఏ కోడ్ సమ్మతమో విడిగా పట్టిక రాసుకోవడమేనా, ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి ఎవరైనా వాడుతున్నారా?