ఈ కొమ్ము పురుగు ఏంటో చెప్తారా?

నిన్న రాత్రి అరుగు మీద లైటు కింద దొరికిందండి, మాది అమలాపురం దగ్గర. నల్లగా నిగనిగలాడుతోంది, నెత్తి మీద చిన్న కొమ్ము. ఫోటో మసగ్గా వచ్చింది, ఏమనుకోకండి. కుడుతుందా?

— కుట్టదు. కొబ్బరి రైతులకి మాత్రం దీన్ని చూస్తే టెన్షనే. మొవ్వు తొలిచేస్తుంది, ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది.

— ఎర్రముక్కు పురుగేమో?

— కాదండి, దానికి పొడుగు ముక్కు, ఒళ్ళు ఎర్రగా ఉంటుంది. ఇది కొమ్ము పురుగే. కొమ్ము పొట్టిగా ఉంది కాబట్టి ఆడదనుకుంటా, తోక కింద నుంచి ఇంకో ఫోటో పెట్టండి, గుబురుగా వెంట్రుకలుంటే ఖాయం. దొడ్లో పెంటకుప్ప ఉందా? గుడ్లు అందులోనే పెడుతుంది.

— ఉందండి. ఇప్పుడే తిరగేశా, బొటనవేలంత తెల్ల పురుగులు నాలుగు, ముడుచుకుని పడుకున్నాయి. కోళ్ళకి వేసేశా.