కొత్త డీజిల్ ఫిల్టర్‌ను నింపి బిగించాలా, ఖాళీగానే బిగించాలా?

పికప్ యజమాని, తణుకు:
నా పికప్‌కు నిన్న డీజిల్ ఫిల్టర్ మార్పించాను. మెకానిక్ కొత్త ఫిల్టర్ నడిమి రంధ్రంలో క్యాన్‌లోని డీజిల్‌ను అంచు దాకా పోసి బిగించగా, బండి ఒక్క సెల్ఫ్‌తోనే అందుకుంది. పక్కనున్న డ్రైవరు మాత్రం కామన్ రైల్ బండికి (డీజిల్‌ను ఒకే గొట్టంలో అధిక పీడనంతో ఉంచి అన్ని సిలిండర్లకూ పంపే కొత్త రకం ఇంజన్ ఉన్నదానికి) అలా పోయకూడదన్నారు. ఎవరి మాట సరైనది?

పాత లారీల మెకానిక్, సూర్యాపేట:
నేను మొదటి నుంచీ నింపే బిగిస్తున్నాను. ఖాళీ ఫిల్టర్ పెడితే లైనులో గాలి చేరి, సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టవలసి వస్తుంది, బ్యాటరీ దిగిపోతుంది. పైగా ఇంజన్‌కు డీజిల్‌ను నెట్టే పంపుకు డీజిలే కందెన కాబట్టి, అది పొడిగా తిరిగితే లోపలి భాగాలు గీసుకుపోతాయి.

పికప్ డ్రైవరు, అనకాపల్లి:
పంపు పొడిగా తిరగకూడదన్న మీ మాట అక్షరాలా నిజమండీ. అయితే డీజిల్ ఏ రంధ్రంలో పోస్తున్నామన్నదే ఇక్కడ అసలు విషయం. మర బిగించే రకం ఫిల్టర్లలో చాలావాటికి డీజిల్ అంచున ఉన్న చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్లి, కాగితంలో వడకట్టుకుని, నడిమి రంధ్రం గుండా బయటికి వస్తుంది. అంటే నడిమి రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత లేకుండానే నేరుగా హై ప్రెషర్ పంపులోకి పోతుంది. పాత ఇంజన్లలో డీజిల్‌ను చిమ్మే నాజిల్ సుమారు 200 బార్ల పీడనం దగ్గర తెరుచుకునేది కనుక ఆ కాస్త నలుసును అవి ఓర్చుకునేవి. కామన్ రైల్‌లో పీడనం 1600 బార్ల దాకా, కొన్నింటిలో అంతకు మించి కూడా ఉంటుంది. అందులో డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్ లోపలి సందు రెండు మూడు మైక్రాన్లే, మన తల వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. క్యాన్ మూతికి అంటిన దుమ్ము చాలు, దాన్ని పాడుచేయడానికి.

కిందటి నెల నా పాత ఫిల్టర్‌లోని డీజిల్‌ను గాజు సీసాలోకి వంపాను. పావుగంటకు అడుగున వేలెడు మందాన నీళ్లు తేరుకున్నాయి, ఆ నీటి మీద నల్లని నలుసులు ఒక చారలా నిలిచాయి. అది చూశాక క్యాన్ డీజిల్‌ను నడిమి రంధ్రంలో పోయడానికి నాకు చేతులు రాలేదు.

బండికి చేతి పంపు ఉంటే ఫిల్టర్‌ను ఖాళీగానే బిగించి, ఆ పంపు గట్టిపడేదాకా నొక్కితే గాలి బయటికి పోతుంది. ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండిలో తాళం ఆన్ చేసి, కాసేపాగి ఆఫ్ చేయడం మూడు నాలుగుసార్లు చేయాలి. ఈ రెండూ లేకపోతేనే, నడిమి రంధ్రాన్ని శుభ్రంగా మూసి, అంచు రంధ్రాల్లో మాత్రమే పోయండి.

పాత లారీల మెకానిక్, సూర్యాపేట:
అంచు రంధ్రాల సంగతి ఒప్పుకుంటున్నాను. చేతి పంపు పాడైన బండ్లు షెడ్డుకు చాలా వస్తాయి, వాటికి ఇకపై అలాగే పోస్తాను. సెల్ఫ్ మాత్రం ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టవద్దని కుర్రవాళ్లకు చెప్పండి.