అప్‌డేట్: ఆన్‌లైన్‌లో కొన్న డిస్నీ పిన్స్ నకిలీవే, తేలిపోయింది

ఓర్లాండోలోని డిస్నీ పార్క్‌కి వెళ్లే ముందు, పాప అక్కడ ట్రేడింగ్ (అంటే వేరేవాళ్లతో పిన్స్ మార్చుకోవడం) చెయ్యడానికి 50 డిస్నీ పిన్స్ (డిస్నీ బొమ్మలున్న చిన్న బ్యాడ్జీలు) లాట్ ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని తీసుకున్నాం, అవి ఒరిజినలేనా అని ఇక్కడ అడిగాను కదా, దాని సంగతి. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి.

పార్క్ షాపులో కొన్న పిన్ పక్కన పెట్టి చూడమన్నారు చూడండి, అదే పనిచేసింది. చాలా ఏళ్లుగా పిన్స్ సేకరిస్తున్న ఒకాయనకి కూడా చూపించాం, ఆయన ముందు అంచుల మీద వేలు రాసి చూశారు, గరుగ్గా ఉన్నాయి, రంగు కొన్నిచోట్ల గుంటపడింది, వెనకాల చిన్న చిన్న మిక్కీ తలల డిజైన్ ఉంటుంది కదా అది ఒరిజినల్‌లో అంచుదాకా వెళ్లి తెగిపోతుంది, మా వాటిలో చుట్టూ గీతలా బోర్డర్ వచ్చి ఆగిపోయింది. వీటినే స్క్రాపర్స్ అంటారట.

అయస్కాంతానికి అతుక్కుంటాయా అని చూసే టెస్టు వల్ల ఏమీ తేలలేదు. వెనక కాపీరైట్ ముద్ర కూడా నకిలీల మీద ఉంది, దాన్ని నమ్మకండి. ముందువైపు హిడెన్ మిక్కీ గుర్తు (డిజైన్‌లో కలిపేసిన చిన్న మిక్కీ తల) ఉన్నవి కూడా నకిలీలే వచ్చాయి.

ఫొటోలు పంపాక అమ్మినవాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చారు. ఆ పిన్స్ మాత్రం ఎవరికీ ట్రేడ్ చెయ్యలేదు, అవతల ఇంకో పిల్ల చేతిలోకే కదా వెళ్లేది. పాప ఇప్పుడు పార్క్‌లో కొన్న స్టార్టర్ సెట్‌తో (కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం అమ్మే పిన్స్ సెట్) ట్రేడ్ చేస్తోంది.